జాతి గుణమా, మేనమామా?

మొన్న వలసల మీద ఏదో సభ ఉందంటే వెళ్లాను. తప్పు నాదే. భోజనాలయ్యాక మైకందుకున్న ఒక పెద్దాయన, పోర్చుగీసు వాళ్లు ఏ దేశం పోయినా ఎలా నెగ్గుకొచ్చారో ఒక్క ముక్కలో తేల్చేశారు: "అది వాళ్ల జాతి గుణం. నోరు మెదపరు, పని చేసుకుపోతారు." చప్పట్లు. రక్తంలోనే ఉందట, షుగర్ ఉన్నట్టు.

సరే, ఆ రక్తాన్ని పట్టుకుని హవాయి దీవుల్లోని హోనొలులు వెళ్దాం. 1878 నుంచి పోర్చుగల్‌కు చెందిన మదీరా, అజోర్స్ దీవుల వాళ్లను చెరకు తోటల పనికి ఓడల్లో తెచ్చి దించారు. అక్కడ తెల్లవాడంటే దొర. మరి చెరకు కొట్టే తెల్లవాణ్ణి ఏమనాలి? జనాభా లెక్కల గుమాస్తా ఎదురుగా నిలబడి తల గోక్కున్నాడు. ఒళ్లు చూస్తే తెలుపు, చేతిలో చూస్తే చెరకు కత్తి. చివరికి 'పోర్చుగీసు' అని ఒక గడి, 'ఇతర తెల్లవారు' అని పక్కన ఇంకో గడి. నవ్వకండి, 1910 నుంచి 1930 దాకా అక్కడి లెక్కల్లో నిజంగానే ఆ రెండు గడులున్నాయి. అదే మనిషి కూలి గిట్టక కాలిఫోర్నియా ఓడెక్కి శాన్ లియాండ్రో చేరితే, అక్కడి లెక్కల్లో శుభ్రంగా తెల్లవాడు! ఏ ఫెయిర్‌నెస్ క్రీమూ చేయలేని పని పసిఫిక్ ఉప్పుగాలి చేసింది.

అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రపు రేవు న్యూ బెడ్‌ఫోర్డ్ కథ వేరు. తిమింగలాల వేట ఓడలు అజోర్స్‌లో ఆగి కుర్రాళ్లను ఎక్కించుకునేవి. తర్వాత నూలు మిల్లులు వచ్చాయి. 1957లో అజోర్స్‌లోని ఫయాల్ దీవి దగ్గర అగ్నిపర్వతం పేలితే, మరుసటి ఏడే అక్కడివాళ్లకు అమెరికా వీసాలిచ్చే చట్టం వచ్చింది. దాన్ని భుజానేసుకున్న వాళ్లలో ఆ రాష్ట్ర సెనేటర్ కెనడీ ఒకరు. అప్పటికే న్యూ బెడ్‌ఫోర్డ్‌లో వాళ్లకు చర్చి ఉంది, ఓటు ఉంది, మేనమామ ఉన్నాడు. గుణం కాదండీ, మేనమామ.

ప్యారిస్‌లో మేనమామ లేడు. 1960లలో పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వాన్నీ, ఆఫ్రికా యుద్ధాలకు పట్టుకుపోయే సైన్యాన్నీ తప్పించుకుని దొంగదారిన పిరనీస్ కొండలు దాటారు. బయల్దేరే ముందు ఒక్కొక్కడూ తన ఫొటోను నిలువునా చింపి ఒక సగం ఇంట్లో ఇచ్చేవాడు. ప్రాణాలతో చేరాక రెండో సగం పంపాలి. రెండూ అతికితేనే దాటించినవాడికి డబ్బు. చేరిందెక్కడికి? ప్యారిస్ శివారు షాంపిన్యీలో, బురదలో, చెక్కలతో రేకులతో కట్టుకున్న కొంపల్లోకి. పొద్దున లేచి వెళ్లి ప్యారిస్‌కు అపార్ట్‌మెంట్లు కట్టేవారు. (మన 'మేస్త్రీ' మాట కూడా పోర్చుగీసుదే.)

నోరు మెదపలేదట! కాగితాల్లేనివాడు ఏ నోటితో మెదుపుతాడయ్యా? 1961 అక్టోబరులో అదే ఊళ్లో ఊరేగింపు తీసిన అల్జీరియా వాళ్లను పోలీసులు చంపి సేన్ నదిలో పడేశారు. ఇప్పుడు పోర్చుగీసు వాళ్ల ఆ మౌనాన్నే పతకంలా చూపించి, "వీళ్లను చూసి నేర్చుకోండి" అని ఆ అల్జీరియా వాళ్ల పిల్లలకే సుద్దులు చెబుతారు. భయాన్ని సంస్కారమని పొగడడానికి సిగ్గుండాలి.

ప్రశ్నల సమయంలో లేచాను. "రంగూన్ రేవులో మన తెలుగు కూలీలను కోరంగీలని ఈసడించారు, 1930లో వెంటాడి చంపారు. ఇవాళ డాలస్‌లో మనవాళ్లను సార్ అంటున్నారు. మన జాతి గుణం మధ్యలో ఎప్పుడు మారిందండీ?"

ఆయన గడియారం చూసుకున్నారు. ఈలోగా టీ వచ్చింది.