బీవర్ మీద జాలిపడేవాళ్లు ఒక్కసారి మా కట్ట మీదికి రండి

రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా చేతులకు బురద వాసన ఇంకా పోలేదు. ఈ ఉదయం ఆరింటికి మా కుంట తూము దగ్గర నడుము లోతు నీళ్లలో నిలబడి, బీవర్లనే నీటి జంతువులు అడ్డం పేర్చిన పుల్లలు, గడ్డి, బురద ఎనిమిది తట్టలు తీశాను. పది రోజుల్లో ఇది నాలుగోసారి. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఐదు నిమిషాల్లో మా చిన్నాన్న కొడుకు మెసేజ్: "పాపం అక్కా, మూగజీవాలు. వాటి ఇంట్లోకే మీరు వెళ్లారు కదా." దాని కింద అందరూ దండాలు, హార్టులు. "నీ చేతులు బాగున్నాయా" అని అడిగింది మా అమ్మ ఒక్కతే.

అప్పటి నుంచి ఒళ్లు మండుతోంది. ఆఫీసు మీటింగులో కూర్చున్నా అదే తిరుగుతోంది బుర్రలో. కాబట్టి రాస్తాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మేముండేది నార్త్ కరోలైనాలో, చాథమ్ కౌంటీలో. ఆరేళ్ల కింద కేరీలో ఇల్లు అమ్మి ఇక్కడ పదకొండు ఎకరాలు కొన్నాం. ఇల్లు చూసి కాదు, కుంట చూసి కొన్నాను. రామప్ప చెరువు నీళ్లు పారే ఊళ్లో పుట్టినదాన్ని. కట్ట మీద నడుస్తూ పెరిగినదాన్ని. ఇక్కడా మట్టికట్టే. నీళ్లలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. నీళ్లు దాని అంచు దాటితే లోపలికి పడి, కట్ట కింది పైపులోంచి అవతలి వాగులో కలుస్తాయి. ఇక్కడివాళ్లు దాన్ని ఏమన్నా నాకది తూమే. పెద్ద వాన వస్తే పారడానికి పక్కనే చిన్న మత్తడి.

ఇక బీవర్ సంగతి. బొమ్మల పుస్తకంలో ముద్దొచ్చే జంతువు కాదు. ఎలుకల జాతిదే, కానీ ఇరవై పాతిక కిలోలు తూగుతుంది. పళ్లలో ఇనుము ఉంటుంది, అందుకే అవి నారింజ రంగులో ఉంటాయి. జానెడు మందం చెట్టును ఒక్క రాత్రిలో పడేస్తుంది. నీళ్లు పారే చప్పుడు దానికి పడదు. ఆ చప్పుడు ఎక్కడ వినిపిస్తే అక్కడ అడ్డం వేస్తుంది. పరిశోధకులు స్పీకర్‌లో పారే నీళ్ల చప్పుడు పెడితే, ఆ స్పీకర్ మీద కూడా బురద, పుల్లలు పేర్చాయట. ఇప్పుడు ఆలోచించండి, మా కుంటలో రాత్రీ పగలూ చప్పుడు చేసేది ఏది? తూము. సాయంత్రం శుభ్రం చేస్తే తెల్లారేసరికి మళ్లీ మూసేస్తాయి.

తూము మూస్తే ఏమైతుంది అని మా తమ్ముడికి తెలియదు. నాకు తెలుసు. నీళ్లు పెరుగుతాయి. మత్తడి చాలకపోతే కట్ట మీంచి దుంకుతాయి. మట్టికట్ట మీంచి నీళ్లు దుంకితే ఎంతసేపు ఆగుతుంది? అది చాలదన్నట్టు కట్టలోకే బొరియలు తవ్వుతాయి. బొరియ నోరు నీళ్ల అడుగున ఉంటుంది కాబట్టి పైకి కనపడదు. పోయిన నెల మా ఆయన గడ్డి కోసే మెషిన్ చక్రం కట్ట మీద ఉన్నట్టుండి మోకాలి లోతుకు దిగిపోయింది. చూస్తే కింద అంతా గుల్ల. మా ఊళ్లో కట్టకు ఎండ్రకాయలు బొక్క చేశాయంటేనే నాన్న పార తీసుకుని పరుగెత్తేవాడు. పాతిక కిలోల జంతువు చేసిన బొక్క చూసి నాన్న ఏమనేవాడో.

మా కట్ట కింద వాగు, ఆ వాగు పక్కన ఒక ఇల్లు. అందులో డెబ్భై దాటిన ఒంటరి పెద్దావిడ ఉంటుంది. 2025 జూలైలో చాంటల్ తుఫాను వచ్చిన రాత్రి ఈ చుట్టుపక్కల వాగులన్నీ రోడ్లెక్కాయి. ఆ రాత్రి నేను, మా ఆయన తలకు లైట్లు కట్టుకుని వానలో తూము దగ్గరే ఉన్నాం. కట్ట తెగితే మొదట ఆవిడ మంచం కిందికి వస్తాయి నీళ్లు. ఆవిడ మూగజీవి కాదు కాబట్టి ఆవిడ మీద ఎవరికీ జాలి లేదా?

"వాటి ఇంట్లోకి మీరు వెళ్లారు" అన్న మాట దగ్గరికి వస్తా. బొచ్చు కోసం వేటాడి వేటాడి ఈ రాష్ట్రంలో బీవర్ అన్నదే లేకుండా చేశారు ఒకప్పుడు. తర్వాత 1939లో పెన్సిల్వేనియా నుంచి 29 బీవర్లను తెచ్చి వదిలారు. ఇప్పుడు లేని వాగు లేదు. అది మంచిపనే, నేను కాదనను. అవి కట్టిన మడుగుల్లో బాతులు, కప్పలు, చేపలు బతుకుతాయి, కరువులో నీళ్లు నిలుస్తాయి. మా వెనక అడవిలో ప్రవాహం మీద ఇంకో బీవర్ కుటుంబం ఉంది. వాటి అడ్డుకట్ట ఒక్క పుల్ల కూడా నేను కదపలేదు, కదపను. నా గొడవంతా మనుషులు కట్టిన కట్టకు బొక్క పెట్టేవాటితోనే.

నాకు వాటిని చంపడమే ముందు గుర్తొచ్చినట్టు గ్రూపులో మాట్లాడుతున్నారు. మూడేళ్లుగా నేను చేయనిది ఏముంది? చెట్లన్నిటికీ నాలుగడుగుల ఎత్తు ఇనుప జాలీ చుట్టాను. జాలీ పట్టనిచోట రంగులో ఇసుక కలిపి కాండాలకు పూశాను. పక్క రాష్ట్రంలో క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన డిజైన్ చూసి, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు, చుట్టూ జాలీ పంజరం తయారుచేయించాం. నీళ్లు చప్పుడు లేకుండా దాంట్లోకి పోతాయి, బీవర్‌కు తెలియదు. ఏడాదిన్నర బాగా పనిచేసింది. పోయిన చలికాలం పంజరం చుట్టూ కూడా బురద పేర్చేశాయి. పట్టుకుని ఎక్కడైనా దూరంగా వదలమని ఇంకొందరి సలహా. అనుమతి లేకుండా అలా వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం. అయినా వదిలితే ఎక్కడికి పోతుంది? ఇంకొకరి తూము దగ్గరికే కదా.

నాకు మనసు విరిగింది మాత్రం పీచ్ చెట్టు దగ్గర. నాన్న ఒక్కసారే వచ్చాడు అమెరికా. వచ్చిన మూడో రోజు గడ్డపార అడిగి, కుంట గట్టున ఆ మొక్క నాటాడు. నాన్న పోయి రెండేళ్లయింది. పోయిన వేసవిలో చెట్టు మొదటిసారి బాగా కాసింది. జాలీ చుట్టే ఉంది, కానీ నీళ్లు పెరిగి జాలీ సగం మునిగింది, ఈత కొడుతూ వచ్చి పై నుంచి కొరికేశాయి. పొద్దున వెళ్తే పెన్సిల్ చెక్కినట్టు ఒక మొద్దు మిగిలింది. తినడానికి కూడా సగమే తీసుకెళ్లాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ ఫోటో గ్రూపులో పెట్టలేదు, ఎందుకంటే వచ్చే జవాబు నాకు తెలుసు.

ఎలా తెలుసంటే, మా అమ్మకు ఇదే జవాబు వచ్చింది. ఊళ్లో మా పెరట్లో చిక్కుడు, బీర, సొర పందిళ్లు ఉండేవి. మేం కూరగాయలు కొని ఎరుగం. కోతులు వచ్చాక ఒక్కొక్కటే పోయాయి. పల్లికాయ వేయడం మానేశారు, తర్వాత మక్కలు, తర్వాత పెరడు మొత్తం. నాలుగేళ్ల కింద మిద్దె మీద ఆరబెట్టిన మిరపకాయల మీదికి గుంపు వస్తే అమ్మ కట్టె పట్టుకుని ఎక్కింది. మెట్ల మీంచి పడి మణికట్టు విరిగింది. అప్పుడు కూడా ఇదే తమ్ముడు, ఇదే గ్రూపులో: "వాటి అడవులు మనమే లాక్కున్నాం పెద్దమ్మా." ఎవరు లాక్కున్నారు? మా అమ్మ లాక్కుందా? కట్టెల కోసం తప్ప ఆమె అడవిలోకి ఎప్పుడు పోయింది? నువ్వుంటున్న అపార్ట్‌మెంటు ఏ చెరువు శిఖంలో కట్టారో నీకు తెలుసు తమ్ముడూ. 2020 అక్టోబర్ వానకు మీ సెల్లార్‌లోకి నీళ్లొస్తే మూడు రోజులు నిద్ర లేదన్నావు. ఆ నీళ్లు వాటి ఇంటికే వచ్చాయి కదా అని మేమెవరమైనా నీకు చెప్పామా? అందరం ఫోన్ చేసి తిన్నావా అని అడిగాం.

తనది కాకపోతే కాశీ దాకా దేకమన్నాడట. పందిరి అమ్మది, కట్ట నాది, చెయ్యి విరిగింది అమ్మకు. జాలి చూపించిన పేరు మాత్రం మీకు. ఇప్పుడు అమ్మ సంతలో పావుకిలో చిక్కుడుకాయలు కొనుక్కుంటోంది. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

గురువారం ట్రాపర్ వస్తున్నాడు. అతను పట్టినవాటిని చంపుతాడు. తెలిసే పిలిచాను, దాచుకోను. రెండేళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రులను వదిలి కొత్త నీళ్లు వెతుక్కునే కాలం ఇది, వచ్చే ఏడాది ఇంకో జత రావచ్చు. అప్పుడు మళ్లీ జాలీతో, పైపుతోనే మొదలుపెడతాను. గ్రూపులోంచి తీసేస్తే తీసేయండి.

శనివారం వాన అంటున్నారు. ఇది రాస్తున్నంతసేపూ కిటికీలోంచి తూము చప్పుడు వినిపించింది, ఇప్పుడు తగ్గింది. లైటు తీసుకుని వెళ్తున్నాను.