ఫొటోలో కలిపే రంగూ కల్తీయే

గుంటూరు కారం, బెజవాడ పచ్చళ్ళు, మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు ఇవాళ ఫోన్ తెర మీదా అమ్ముడవుతున్నాయి. ఇంట్లో పచ్చడి పెట్టి అమ్మే మహిళ కూడా దూరాన ఉన్న కొనుగోలుదారును చేరుకోగలుగుతున్నది. ఇది సంతోషించదగ్గ మార్పు. ఆ వెంటే ఒక చెడ్డ అలవాటు కూడా పాకుతున్నది. కృత్రిమ మేధ యాప్‌లో ఒక్క వాక్యం రాస్తే నిప్పుకణికల్లా మెరిసే మిరపకాయల బొమ్మ వస్తుంది. దాన్నే కారం ప్యాకెట్ పక్కన పెట్టి అమ్ముతున్నారు. ఆ కాయ ఏ చేలోనూ పండింది కాదు, ఆ రంగు ఏ మిల్లులోనూ ఆడించింది కాదు.

2003లో ఐరోపాలో భారతీయ మిరప ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. అప్పటినుంచి పరీక్ష ధ్రువపత్రం లేనిదే ఆ దేశాలు మన సరుకును రానివ్వలేదు. ఎరుపును మరింత ఎర్రగా చూపాలన్న ఆశకు నిజాయితీగా పండించిన రైతు కూడా మూల్యం చెల్లించాడు. పొడిలో రంగు కలిపితే ఆరోగ్యం చెడుతుంది, ఫొటోలో కలిపితే నమ్మకం చెడుతుంది. రెండూ కల్తీయేనని మేము భావిస్తున్నాము.

నిజమైన కారం ఫొటోలో బాగా రావడం లేదని అమ్మకందారులు చెప్పేది వాస్తవమే. కారణం కెమెరా పనితీరులో ఉంది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను విడివిడిగా కొలుస్తుంది. కారం కుప్పలో ఎరుపు పాలు మిగతా రెంటికన్నా ముందే గరిష్ఠానికి చేరి ఆగిపోతుంది. అక్కడినుంచి పొడి రేణువులు, గింజల ముక్కలు కనిపించవు, ఒకే ఎర్రటి ముద్ద మిగులుతుంది. మొత్తం వెలుతురు లెక్కలో ఎరుపు వాటా దాదాపు 21 శాతమే. అందువల్ల కెమెరా చూపే వెలుతురు గ్రాఫ్ మామూలుగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. ఫోన్‌లో ప్రో మోడ్ తెరిచి ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలోకి వచ్చే వెలుతురును) -0.7 నుంచి -1 వరకు తగ్గించాలి. తెలుపును తెలుపుగా చూపే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా, వాడే వెలుతురుకు తగిన విలువ దగ్గర స్థిరపరచాలి. మొదటి ఫొటోలో కారం పక్కన బూడిదరంగు కార్డు పెట్టి తీస్తే తర్వాత రంగు సరిచూసుకోవడానికి ఆధారం ఉంటుంది.

దీపాల సంగతి ఇంకా ముఖ్యం. సాధారణ ఎల్‌ఈడీ బల్బుల వెలుతురులో ముదురు ఎరుపు పాలు బాగా తక్కువ. రంగుల నాణ్యత సూచిక సీఆర్‌ఐ 80 అని డబ్బా మీద రాసి ఉన్నా, ముదురు ఎరుపును కొలిచే ఆర్9 విలువ సున్నా దరిదాపుల్లో ఉండవచ్చు. ఆ దీపం కింద మంచి సన్నం కారం కూడా ఇటుక పొడిలా కనిపిస్తుంది. సీఆర్‌ఐ 95కు పైన, ఆర్9 90కి పైన ఉన్న దీపం కొనాలి, లేదా పైసా ఖర్చులేని ఉత్తరపు కిటికీ వాడుకోవాలి. కిటికీకి బటర్ పేపర్ అతికించి, ఎదురువైపు థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు మెత్తబడతాయి. గదిలో ట్యూబ్‌లైటు మాత్రం ఆపేయాలి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒకవైపు పచ్చగా, మరోవైపు నీలంగా వచ్చిన ఫొటోను యాప్‌లో సరిచేయడం చాలా కష్టం.

పచ్చడి సీసాకు వెలుతురు వెనుక పక్కనుంచి రావాలి. అప్పుడే నూనె మెరుస్తుంది. సీసాకు అటూ ఇటూ నల్ల అట్టలు పెడితే గాజు అంచు స్పష్టంగా తెలుస్తుంది.

కొత్త పరికరాల్లో మాకు బాగా నచ్చింది యూఎస్‌బీ మైక్రోస్కోప్. మంగళగిరి చీర అంచును దాని కింద పెడితే, మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుండా లాగి పట్టే కర్రకున్న సూదుల గుర్తులు, నేతలోని చిన్నచిన్న హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. 'అసలైన చేనేత' అని పెద్ద అక్షరాల్లో రాసినదానికన్నా ఆ 10 సెకన్ల వీడియో కొనేవారికి ఎక్కువ చెబుతుంది. చిన్న గళ్ళ చీరను మామూలుగా తీసేటప్పుడు మాత్రం నేతలో లేని అలలు తెరపై తేలుతుంటాయి. చీర గళ్ళ సాలు, కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ గళ్ళ సాలు పెనవేసుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఫోన్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపినా, కోణం మార్చినా పోతుంది.

కొండపల్లి బొమ్మకు ఫొటోకన్నా త్రీడీ నమూనా మేలు. తెల్ల పొణికి చెక్కతో చేసిన అంబారీ ఏనుగును కొనేవారు తమ బల్ల మీద ఉన్నట్టే ఫోన్‌లో తిప్పి చూడగలుగుతారు. తిరిగే పీటపై బొమ్మనుంచి, ఫోన్‌ను స్టాండుకు బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, 10 డిగ్రీలకొకటి చొప్పున 36 ఫొటోలు తీయాలి. మూడు ఎత్తుల నుంచి తీస్తే మొత్తం 108. వెనుక మచ్చలేని తెర ఉండాలి, లేకపోతే ఈ ఫొటోలను కలిపి నమూనా కట్టే సాఫ్ట్‌వేర్ కదలని గోడనే పట్టుకుని బొమ్మను చెదరగొడుతుంది. ఎనామెల్ రంగు మెరుపు కూడా ఇదే చిక్కు తెస్తుంది, కాబట్టి వెలుతురు అన్నివైపుల నుంచీ మెత్తగా పడాలి. అంబారీ లోపలి సందుకు విడిగా దగ్గరి ఫొటోలు కావాలి. ఖరీదైన ఫోన్లలో ఉండే, లేజర్ కాంతితో దూరం కొలిచే లైడార్ గదులను కొలవడానికి పనికొస్తుంది గానీ, జానెడు బొమ్మ ముక్కూ చెవులూ దానికి అందవు. చివరి ఫైలు 5 ఎంబీ దాటితే మామూలు ఫోన్లలో తెరుచుకునేలోపే కొనేవారు వెళ్ళిపోతారు.

ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ వేసేవారికీ ఒక మాట. కోడ్ చుట్టూ నాలుగు గడుల వెడల్పున ఖాళీ వదలాలి. నూనె మరకలు తప్పవు కనుక, 30 శాతం దాకా చెడినా చదవగలిగే హెచ్ స్థాయిని ఎంచుకోవాలి. చిన్న సీసా గుండ్రం మీద అంటిస్తే అంచులు వెనక్కి తిరిగిపోతాయి, మూత మీద వేయడమే క్షేమం. నెలవారీ చందాతో నడిచే కోడ్ తీసుకుంటే, చందా ఆగిన రోజున ప్యాకెట్లన్నీ ఖాళీ పేజీకి దారి చూపిస్తాయి. సొంత డొమైన్ చిరునామానే కోడ్‌లో పెట్టాలి. ఆ పేజీలో పెట్టాల్సింది ఆ లాటు మిరప బస్తా (టిక్కీ) విప్పినప్పటి వీడియో, తొడిమ తీసి తాలు కాయలు ఏరుతున్న దృశ్యం, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు. బ్రాండ్ కట్టే సృజన అంటే మా దృష్టిలో ఇదే.

చట్టం కూడా ఈ విషయంలో ఊరుకోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అయితే చిన్న అమ్మకందారుకు జరిమానా భయంకన్నా ముందు ఒక మంచి గది కావాలి.

గుంటూరు మిర్చి యార్డులో, మంగళగిరిలో, కొండపల్లిలో ఒక్కో ఉమ్మడి ఫొటో గది తెరవాలని మేము కోరుతున్నాము. నాలుగడుగుల బల్ల, ఆర్9 విలువ సరిచూసి కొన్న రెండు దీపాలు, తిరిగే పీట, బూడిదరంగు కార్డు, మైక్రోస్కోప్, ఒక మంచి ఫోన్, వాటిని వాడటం నేర్చిన ఒకరిద్దరు యువకులు ఉంటే చాలు. మార్కెట్ కమిటీ, చేనేత సహకార సంస్థ ఆప్కో, హస్తకళల సంస్థ లేపాక్షి దీన్ని తమ పనిగా తీసుకోవాలి. కొత్త పంట యార్డుకు రాకముందే మొదటి గది మిర్చి యార్డులో తెరుచుకోవాలి.