దూరం కూడా ఫోటోలో భాగమే

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మనవాళ్ల వాట్సాప్ బృందాల్లో ఎలుగుబంట్ల ఫోటోలు వరుస కడతాయి. అమెరికాలో ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, స్మోకీ పర్వతాల పార్కులు, కెనడాలో బాన్ఫ్. ఓపికా వీలూ ఉన్నవారు అలాస్కా దాకా వెళ్తున్నారు. ఇన్ని కుటుంబాలు అడవుల బాట పట్టడం, మన పిల్లలు గ్రిజ్లీ అనే గోధుమరంగు ఎలుగుకీ నల్ల ఎలుగుకీ తేడా చెప్పగలిగేలా పెరగడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. నా అభ్యంతరమల్లా ఒకటే. మనం పంచుకునే ఫోటోల్లో ఎలుగు ఉంటుంది, దానికీ కెమెరాకూ మధ్య ఉన్న దూరం ఉండదు. ఎంత నియమంగా తీసిన ఫోటో అయినా సరే, ఆ దూరం చెప్పకుండా పంచితే చూసినవారిని ఎలుగు దగ్గరికి తోస్తుంది.

ఎలాగో చెబుతాను. వంద గజాల అవతల గడ్డి మేస్తున్న గ్రిజ్లీని 600 మిల్లీమీటర్ల లెన్సుతో తీసి, అంచులు బాగా కత్తిరిస్తే ఫ్రేము నిండా ఎలుగే. భుజాల మీది మూపురం, మూతికి అంటిన మట్టి, ముందుకాళ్ల పొడవాటి గోళ్లు అన్నీ కనిపిస్తాయి. పక్కనే నిలబడి తీసినట్టు ఉంటుంది. అదే చోట అదే ఎలుగును ఫోనుతో తీస్తే పచ్చిక మధ్య ఒక గోధుమరంగు చుక్క. మన ఫోటో చూసి ముచ్చటపడి వచ్చిన మనిషి చేతిలో ఉన్నది ఫోను. ఆ చుక్కను పెద్దది చేయడానికి అతనికి తోచే దారి ముందుకు నడవడమే. అతను మూర్ఖుడు కాడు, దుర్మార్గుడు అంతకంటే కాడు. అంత దగ్గరికి వెళ్లవచ్చని మన ఫోటోయే అతనికి చెప్పింది.

నియమాలు ఉన్నాయి. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ కనీసం 100 గజాల దూరంలో, బైసన్, ఎల్క్ వంటి మిగతా పెద్ద జంతువులకు 25 గజాల దూరంలో ఉండాలి. స్మోకీ పర్వతాల్లో నల్ల ఎలుగులకు 50 గజాలు. కెనడా పార్కుల్లో 100 మీటర్లు. ఇవి మాటవరసకు పెట్టినవి కావు. 2021లో ఎల్లోస్టోన్‌లో పిల్లలున్న గ్రిజ్లీ ముందు నుంచి కదలకుండా ఫోటోలు తీసిన ఒక సందర్శకురాలికి కోర్టు నాలుగు రోజుల జైలు శిక్ష వేసి, ఏడాది పాటు పార్కులో అడుగుపెట్టకుండా నిషేధించింది. గజాల లెక్క తెలియనివారికి పార్కును కాపాడే రేంజర్లు చెప్పే సులువైన కొలత ఒకటుంది. చెయ్యి పూర్తిగా ముందుకు చాచి, బొటనవేలు పైకెత్తి, ఒక కన్ను మూసి చూడండి. వేలి చాటున జంతువు మొత్తం కనుమరుగైతే దూరం సరిపోయినట్టు. చెవో, వెనక భాగమో ఇంకా బయటికి కనిపిస్తుంటే వెనక్కి జరగాలి. ఐదేళ్ల పిల్లలకు కూడా ఇది క్షణంలో వస్తుంది. వచ్చాక వాళ్లే పెద్దవాళ్లను వెనక్కి లాగుతారు.

దూరం అనగానే అందరూ మనిషి ప్రాణం గురించే ఆలోచిస్తారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎలుగు తిండి. వేసవి చివరి నుంచి గుహ చేరేదాకా దానికి తినడం తప్ప మరో ధ్యాస ఉండదు. రోజుకు ఇరవై గంటల దాకా తింటూనే ఉండే రోజులు అవి. ఆడ ఎలుగు విషయంలో ఇది ఇంకా సున్నితం. జత కట్టేది వేసవి ఆరంభంలోనే అయినా, ఆ పిండం వెంటనే గర్భసంచిలో నాటుకోదు. చలికాలం ముంగిట తల్లి ఒంట్లో తగినంత కొవ్వు చేరితేనే నాటుకుంటుంది, లేకపోతే ఆ ఏడు పిల్లలు లేనట్టే. మనం రోడ్డు పక్కన నిలబడి కేకలు వేస్తూ ఒక ఎలుగును బెర్రీ పొదల నుంచి పదే పదే కదిలిస్తే, ఎవరికీ గాయం కాకపోవచ్చు, ఎవరి మీదా కేసు పెట్టకపోవచ్చు. అయినా దాని నోటి దగ్గరి కూడు తీసేసినట్టే.

అందుకే కెమెరా పట్టినవారు ముందుగా నేర్చుకోవలసింది షటర్ వేగం కాదు, ఎలుగు ఒంటి భాష. మేస్తున్నది మేయడం ఆపి తల ఎత్తి మనవైపు చూసిందంటే, మనం దాని పనికి అడ్డుపడ్డామని అర్థం. ఆవులించడం నిద్రమత్తు అని చాలామంది అనుకుంటారు. మనుషుల ఎదుట ఎలుగు ఆవులించిందంటే చాలాసార్లు అది ఇబ్బంది పడుతున్నట్టు. చొంగ కార్చడం, బుస్సుమని గాలి వదలడం, దవడలు టకటకలాడించడం అంతకు మించిన హెచ్చరికలు. వెనుక కాళ్ల మీద నిలబడితే మాత్రం హడలిపోనక్కరలేదు. అది దాడికి సన్నాహం కాదు. ఎదుట ఏముందో బాగా చూడడానికి, వాసన పట్టడానికి అలా లేస్తుంది. ఈ నాలుగు ముక్కలు తెలిసిన మనిషికి మంచి ఫోటోలు కూడా ఎక్కువే వస్తాయి. మన ఉనికిని పట్టించుకోని ఎలుగే సహజంగా ప్రవర్తిస్తుంది. వేళ్లు తవ్వుతుంది, మొద్దులు తిరగేస్తుంది, పిల్లలకు పాలిస్తుంది. మనవైపు గుడ్లప్పగించి చూస్తున్న ఎలుగు ఫోటోలన్నీ నా కళ్లకు ఒకేలా కనిపిస్తాయి.

రోడ్డు పక్కన ఎలుగు కనిపించి బండ్లు ఆగిపోవడాన్ని అక్కడ బేర్ జామ్ అంటారు. టీటన్ పర్వతాల దగ్గర చూసిన ఒక జామ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. తల్లి ఎలుగు రోడ్డు దాటాలని అంచుకు వచ్చింది, వెనుక రెండు పిల్లలు. కార్ల వరుసలో ఎక్కడా సందు లేదు. తల్లి రెండుసార్లు వెనక్కి తిరిగి, చివరికి ఒక కారు వెనుక నుంచి గబుక్కున దాటింది. ఒక పిల్ల దాని వెంటే వెళ్లింది. రెండోది జనాన్ని చూసి బెదిరి ఇవతలే ఆగిపోయి ఏడుపు మొదలుపెట్టింది. వాలంటీరు ఒకాయన చేతులు అడ్డం పెట్టి, గొంతు పెంచకుండానే మనుషుల్ని కార్లలో ఎక్కించి, రెండు కార్లను వెనక్కి జరిపించి దారి చేశాడు. అది చేసింది పార్కు వన్యప్రాణి దళానికి చెందిన మనిషి. 2007 నుంచి ఈ దళం గ్రాండ్ టీటన్‌లో పనిచేస్తోంది. ఆ రద్దీలో పెద్ద ట్రైపాడ్లు పెట్టుకున్నవారు ఫోన్లు పట్టుకున్నవారిని చూసి 'ఈ టూరిస్టులు' అని విసుక్కోవడం నా చెవిన పడింది. ఆ మాట నాకు నచ్చలేదు. రోడ్డుకు అడ్డంగా ఉన్న కార్లలో వాళ్లవీ ఉన్నాయి. లెన్సు పొడవును బట్టి అడవి మీద హక్కు రాదు. అక్కడ మనమందరం సందర్శకులమే.

ఆ ప్రాంతానికి పేరు తెచ్చిన ఎలుగు 399. పరిశోధకులు ఇచ్చిన ఆ అంకె లోకానికి పేరుగా మిగిలిపోయింది. 1996లో పుట్టింది. 2020లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, నాలుగు పిల్లల్ని వెంటబెట్టుకుని బయటికి వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసింది. పిల్లల్ని రోడ్ల దాపున పెంచడం దాని అలవాటు. పిల్లల్ని చంపే మగ ఎలుగులు మనుషుల సందడి ఉన్న చోటికి అంతగా రావు కాబట్టే ఆ దారి ఎంచుకుందని చాలామంది పరిశీలకులు అంటారు. అంటే మనల్ని అది ఒక రకంగా నమ్మింది. 2016లో దాని పిల్ల ఒకటి కారు కింద పడి చనిపోయింది. 2024 అక్టోబర్ 22న జాక్సన్‌కు దక్షిణాన స్నేక్ నది లోయ రోడ్డు మీద అదీ కారు తగిలే పోయింది. ఆ డ్రైవరు అతివేగంగా నడపలేదని విచారణలో తేలింది. ఒక్క మనిషిని నిందించి చేతులు దులుపుకోవడానికి లేదు. అదే ఏడాది జూన్‌లో కెనడాలోని యోహో పార్కులో తెల్లటి గ్రిజ్లీ నకోడా కథా ఇలాగే ముగిసింది. దాన్ని చూడడానికి ఎవరూ బండి ఆపకూడదని పార్కు అధికారులు హైవే మీద నిషేధం పెట్టారు, కంచెలు బాగు చేశారు, కాపలా కాశారు. అయినా ఒక ఉదయం దాని రెండు పిల్లలు వాహనం తగిలి చనిపోయాయి. అదే రోజు రైలు శబ్దానికి బెదిరి రోడ్డు మీదికి ఉరికిన తల్లిని కారు గుద్దింది. ఆ గాయాలతోనే అది చనిపోయింది.

ఇవన్నీ చూసి కొందరు, అసలు జనాన్ని అడవికి పిలవడమే తప్పు, తెలిసిన చోట్లు గుట్టుగా దాచుకోవాలి అంటారు. నేను ఒప్పుకోను. చూసినవారే కాపాడతారు. అమెరికా ప్రధాన భూభాగంలో గ్రిజ్లీలకు 1975లో చట్టరక్షణ వచ్చేనాటికి ఎల్లోస్టోన్ పరిసరాల్లో మిగిలినవి 136 అని అంచనా. ఇప్పుడు వెయ్యి దాకా ఉన్నాయి. వాటి కోసం చట్టసభల్లో, కోర్టుల్లో పోరాడినవారిలో ఎలుగును ఒక్కసారైనా కళ్లారా చూసి మనసు పారేసుకున్నవారు ఎందరో. అయితే ఎలా చూపించాలన్నది వేరే ప్రశ్న, దానికి చెడ్డ జవాబు ఎలా ఉంటుందో ఎల్లోస్టోన్ చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు అక్కడ చెత్తకుప్పల చుట్టూ బల్లల వరుసలు కట్టి, హోటళ్ల ఎంగిలి తినడానికి వచ్చే గ్రిజ్లీలను సాయంత్రపు వేడుకగా చూపించేవారు. నల్ల ఎలుగులకు కార్ల కిటికీల్లోంచి తిండి పెట్టేవారు. 1931 నుంచి 1969 వరకు ఆ పార్కులో ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. 1970 నాటికి తిండి పెట్టడం ఆపించి, చెత్తకుప్పలు మూసేశాక ఆ లెక్క క్రమంగా ఏడాదికి ఒకటి దగ్గరికి దిగింది. కానీ అంతవరకూ చెత్తకు అలవాటుపడ్డ ఎలుగులు ఊళ్ల మీద, శిబిరాల మీద పడి, పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. తప్పు మనుషులది, మూల్యం ఎలుగులది.

మంచి జవాబు అలాస్కాలో ఉంది. మెక్‌నీల్ నది దగ్గర 1967లో ఎలుగుల కోసం ఒక అభయారణ్యం ఏర్పాటు చేశారు. 1973 నుంచి అక్కడికి లాటరీలో అనుమతి వచ్చినవారే వెళ్లాలి. జలపాతం దగ్గరికి రోజుకు పది మంది, వెంట సిబ్బంది. రోజూ అదే బాట, అదే నేల, నిలబడేదీ అదే చోట. వేసవిలో సాల్మన్ చేపలు ఎదురీదే రోజుల్లో అక్కడ ఒకేసారి డెబ్భైకి పైగా ఎలుగులను లెక్కపెట్టిన సందర్భాలున్నాయి. ఈ పద్ధతి వచ్చాక అక్కడ ఏ సందర్శకుడికీ ఎలుగు వల్ల గాయం కాలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, అక్కడ ఎలుగులు మనుషులకు కొద్ది అడుగుల దూరంలోకి కూడా వస్తాయి. మరి వంద గజాల మాట ఏమైంది అని అడగవచ్చు. అక్కడ మనిషి కదలడు, ఎలుగు వస్తుంది. మనుషులు ఎంతమంది ఉంటారో, ఎక్కడ ఉంటారో, ఏం చేస్తారో వాటికి తరాలుగా తెలుసు. ఎవరి చేతిలోనూ వాటికి తిండి ఉండదు. దూరం తగ్గించే హక్కు ఎలుగుకే వదిలేశారు. నా దృష్టిలో వన్యప్రాణుల ఫోటోలకు ఇంతకంటే గట్టి నియమం లేదు. అలాస్కాలోనే కట్మాయ్ పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర కూడా కొంతవరకు ఇదే పద్ధతి. దిగగానే రేంజర్లు చెప్పే పాఠం వినాలి, జలపాతం దగ్గరి వేదిక మీదికి ఒక్కసారి నలభై మందినే అనుమతిస్తారు, మిగతావారు వంతు కోసం ఆగాలి. లాటరీ తగలకపోతే, వంతు రాకపోతే, ఆ ఏడు వెళ్లలేం. దాన్ని అన్యాయంగా కాక అడవి ధర్మంగా ఒప్పుకోవాలి. బ్రూక్స్ జలపాతం దగ్గరి కెమెరాలు ఎలుగులను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూనే ఉంటాయి. పిల్లలతో కూర్చుని చూడండి. మగ ఎలుగులు చేపల కోసం చోటు పంచుకునే తీరు అందులో చూసినంత తీరిగ్గా ఎక్కడా చూడలేం.

మన సంఘానికి, ఈ పత్రికకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. మన ఫోటో పోటీలకు వచ్చే ప్రతి వన్యప్రాణి ఫోటో కింద ఒక వరుస అచ్చు వేద్దాం: ఏ లెన్సు, సుమారు ఎంత దూరం, కారులోంచా వేదిక మీదినుంచా, అంచులు ఎంత కత్తిరించారు. పార్కు పేరు చాలు, మలుపు పేరు, వాగు పేరు అక్కరలేదు. ఫోను దానంతట అదే ఫోటోలో దాచే చోటు వివరాలను బృందాల్లో పెట్టేముందు తీసేయాలి. వెనుక ఎలుగు కనిపించేలా తీసుకున్న సెల్ఫీలను ఎంత పెద్దవారు పంపినా వేయవద్దు. డబ్బు తీసుకుని పెంపుడు ఎలుగులను పొదల్లో నిలబెట్టి ఫోటోలు తీయించే చోట్లు ఉన్నాయి. అలా తీసిన వాటిని అడవి ఎలుగుల పేరుతో పంపడం పచ్చి మోసం. పోటీలో వాటికి చోటుండకూడదు. పచ్చిక, కొండ, ఆకాశం మధ్య చిన్నగా కనిపించే ఎలుగుకు ఒక బహుమతి ప్రత్యేకంగా పెట్టాలని కోరుతున్నాను. ఫోనుతో తీసినా అందంగా వచ్చేది అలాంటి ఫోటోయే, అది ఎవరినీ ముందుకు నడవమనదు.

వేసవి బృంద యాత్రలు ఏర్పాటు చేసేవారు ముందుగా ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, మిరపఘాటు చిమ్మే బేర్ స్ప్రే డబ్బా ఎలా వాడాలో చూపించాలి. దాన్ని ఒంటికో గుడారానికో పూసుకునేది అనుకునేవారు ఇంకా ఉన్నారు. అది మీదికి వస్తున్న ఎలుగు ముందు గాలిలోకి కొట్టేది, సంచి అడుగున కాక నడుముకు వేలాడాల్సినది. తిండి, చెత్త రాత్రిపూట ఇనుప పెట్టెల్లో పెట్టాలి, పసిపిల్లల చేతిలోని బిస్కెట్లతో సహా. పదిహేను కార్లు ఒకే చోట ఆగకుండా విడివిడిగా బయలుదేరాలి.

వచ్చే సంచిక నుంచే ఫోటోల కింద ఆ వరుస మొదలుపెట్టవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను. వివరాలు రాసి నా ఫోటోలు ముందుగా పంపుతాను.