వారసుల సీట్ల జోలికి పోని తీర్పు

అమెరికాలో ‘అఫర్మేటివ్ యాక్షన్’ (కాలేజీ ప్రవేశాల్లో మైనారిటీ జాతులకు ఇచ్చే ప్రాధాన్యం) అనగానే మనవాళ్లు రిజర్వేషన్ అని రాసేస్తారు. అది సరికాదు. అక్కడ కోటా 1978లోనే పోయింది. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకు పక్కనపెడితే, సీటు రాని అలన్ బక్కీ అనే తెల్లజాతి అభ్యర్థి కోర్టుకెక్కాడు. కోటా చెల్లదు, కానీ జాతిని ఒక అంశంగా చూడొచ్చు అంది సుప్రీంకోర్టు. ఆ ‘ఒక అంశం’ మీదే 45 ఏళ్లు కొట్లాట నడిచింది. మిషిగన్ విశ్వవిద్యాలయం ప్రవేశాలకు లెక్కేసే 150 పాయింట్లలో 20 మైనారిటీ జాతులవాళ్లకు ఇస్తుంటే 2003లో కోర్టు కొట్టేసింది. అదే రోజు, అదే విశ్వవిద్యాలయపు లా స్కూల్ పద్ధతికి మాత్రం సరేనంది. అంకె వేస్తే తప్పు, మనసులో పెట్టుకుంటే ఒప్పు! చివరికి 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో జాతిని ఒక అంశంగా చూడటమూ కుదరదంది.

హార్వర్డ్ మీద కేసు వేసినవాళ్లు ముందు నిలబెట్టింది ఆసియా మూలాలున్న విద్యార్థులను. మార్కుల్లో ముందున్నా ‘వ్యక్తిత్వం’ రేటింగ్‌లో వాళ్లకు తక్కువ వేస్తున్నారన్నది ఆరోపణ. కావాలని చేసిన వివక్ష కాదని కింది కోర్టు తేల్చినా, నాకు ఆ ఫిర్యాదు తీసిపారేయదగ్గదిగా కనిపించదు. ముఖమైనా చూడని పిల్లల మంచితనానికి అంకె వేయడం ఏ రకంగా న్యాయం?

కానీ అదే కేసు రికార్డులతో, ఫిర్యాదుదారుల తరఫు ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో మరికొందరితో కలిసి వేసిన లెక్క చూడండి. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు (వారసులంటే వీళ్లే), సిబ్బంది పిల్లలు, లేదంటే డీన్ ప్రత్యేక జాబితావాళ్లు. (విరాళాలిచ్చే కుటుంబాల పిల్లలు ఉండేది ఆ జాబితాలోనే.) నల్ల, ఆసియా, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) విద్యార్థుల్లో ఇలాంటివాళ్లు 16 శాతం లోపే. ఆ 43 శాతంలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఈ హోదా లేకపోతే సీటు వచ్చేదే కాదట. తీర్పు దీన్ని ముట్టుకోలేదు. కోర్టు ముందున్న ప్రశ్న జాతి గురించే, వారసత్వం గురించి కాదు. చట్టం లెక్కన సరే. ప్రతిభ పేరుతో సాగిన పోరాటానికి మాత్రం అది పెద్ద వెలితి.

తీర్పు తర్వాత 2024లో చేరిన మొదటి బ్యాచ్ సంగతీ అంత సూటిగా లేదు. ఎంఐటీలో నల్లజాతి విద్యార్థులు 15 శాతం నుంచి 5కి పడిపోయారు, ఆసియావాళ్లు 40 నుంచి 47కి పెరిగారు. యేల్‌లో నల్లజాతివాళ్లు 14 శాతం దగ్గరే ఉన్నారు, ఆసియావాళ్లు 30 నుంచి 24కి తగ్గారు! ఆసియావాళ్ల సీట్లు నల్లజాతివాళ్లు పట్టుకుపోతున్నారన్న వాదన అన్నిచోట్లా నిలబడటం లేదన్నమాట.

కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ వారసులకు, దాతల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. రాష్ట్ర ప్రభుత్వపు స్కాలర్‌షిప్ సొమ్ము తీసుకునే సంస్థలకే అది వర్తిస్తుంది. స్టాన్‌ఫర్డ్ ఆ సొమ్మునే వదులుకుంది. పేద విద్యార్థులకు అంత మొత్తం తానే ఇస్తానంది. వారసుల పద్ధతిని మాత్రం వదల్లేదు.