సినిమా ఒక్కటి తీసేస్తే సభ బ్రహ్మాండం

విశాఖలో డాక్యుమెంటరీ ప్రదర్శనలకు ఈ మధ్య మంచి రోజులొచ్చాయి. ఉత్త సినిమా వేసి పంపేయకుండా ప్రత్యేక కార్యక్రమాలు కూడా పెడుతున్నారు. దీపం, ప్రార్థనా గీతం, సన్మానం, పిల్లలకు పోటీలు, ఫుడ్ స్టాల్, సెల్ఫీ పాయింట్. ఇంత చక్కటి సాయంత్రాన్ని ఒకే ఒక్క అంశం పాడుచేస్తోంది. అది డాక్యుమెంటరీ. లైట్లు ఆర్పమంటుంది, మాట్లాడొద్దంటుంది, ఫోటోలు సరిగ్గా రానివ్వదు. కాబట్టి దీన్ని కార్యక్రమంలోంచి తప్పించాలని నిర్వాహకులకు సవినయంగా మనవి చేస్తున్నాను. ఆవేశంలో అంటున్న మాట కాదిది. దీని వెనక చరిత్ర ఉంది.

జనం తమంతట తాము డాక్యుమెంటరీ చూస్తారని మన పాలకులెవరూ నమ్మలేదు. 1943లో యుద్ధం పేరు చెప్పి బ్రిటిష్ వాళ్లు హాళ్లలో ప్రచార చిత్రాలు వేయడం తప్పనిసరి చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ప్రభుత్వ డాక్యుమెంటరీలు, వార్తాచిత్రాలు తీసే ఫిలిమ్స్ డివిజన్ పుట్టింది, దాంతోపాటు ఆ తప్పనిసరీ తిరిగొచ్చింది. తెర మీద ఇండియన్ న్యూస్ రివ్యూ అనే ఆ సర్కారీ వార్తాచిత్రం నడిచే ఆ పది నిమిషాలూ ప్రేక్షకుడు ఎక్కడుండేవాడో జగదాంబ జంక్షన్‌లో వయసు మళ్లిన వారెవరినైనా అడగండి. వరద ప్రాంతంలో మంత్రిగారి హెలికాప్టర్ దిగి, మళ్లీ ఎగిరేలోపు సమోసా తిని సీట్లోకి వచ్చేస్తే చాలు. అప్పట్లో అసలు సినిమాకు డాక్యుమెంటరీ అడ్డం. ఇప్పుడు సన్మానానికి అడ్డం. పాపం, దాని జాతకమే అంత.

ఉదాహరణకు, బీచ్‌కు దగ్గర్లో ఒక హాల్లో ఆమధ్య మత్స్యకారుల మీద తీసిన డాక్యుమెంటరీ వేశారు. నిడివి 52 నిమిషాలు. ముందు ముహూర్తం సంగతి చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ 61 రోజులూ బోట్లు ఫిషింగ్ హార్బర్‌లోనే ఉంటాయి, బోట్ల మీద బతికేవాళ్లూ ఒడ్డునే ఉంటారు. పిలిస్తే వస్తారు. మనవాళ్లు బాగా ఆలోచించి, నిషేధం ముగిసిన తర్వాతి ఆదివారం పెట్టారు. దీంతో ఉభయతారకం. మత్స్యకారులకు వేట దొరికింది, అతిథులకు ముందు వరుసలో కుర్చీలు దొరికాయి.

ఆహ్వాన పత్రికలో పద్నాలుగు మంది అతిథుల పేర్లు, వారి హోదాలు, ఒకప్పటి హోదాలు. అన్నిటికంటే అడుగున ‘అనంతరం’ అనే మాట, దాని పక్కన సినిమా పేరు. తీసిన కుర్రాడి పేరు లేదు. చోటు చాల్లేదట.

అయిదున్నరకని వేసి ఆరుంపావుకు మొదలుపెట్టారు కాబట్టి సమయపాలన విషయంలో వంక పెట్టను. దీపం వెలిగించారు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు. మళ్లీ ఆరిపోయింది. ఆ మహత్తర ఘట్టాన్ని పైనుంచి తీస్తున్న డ్రోన్ గాలికే ఆరిపోతోందని మూడోసారి గానీ తెలియలేదు. హాల్లో డ్రోన్ ఎందుకని అడిగే సంస్కారహీనులు ఎవరూ ఆ రోజు లేకపోవడం సంతోషం.

డాక్యుమెంటరీల ప్రాముఖ్యత మీద ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో ముప్పాతిక వంతు ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ రావడం గురించి. 2023 మార్చిలో అదే వేదిక మీద, అదే రాత్రి, ముదుమలై అడవిలో ఏనుగు పిల్లల్ని సాకిన దంపతుల కథ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ కూడా డాక్యుమెంటరీ లఘుచిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఆ సంగతి ఎవరో చీటీ మీద రాసి పంపారు. ఆయన దాన్ని విప్పి చదివి, జేబులో పెట్టుకుని, ‘టైమ్ అయిపోయిందంటున్నారు’ అని మరో పది నిమిషాలు మాట్లాడారు.

తర్వాత శాలువాలు. జూన్‌లో విశాఖ ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయిన పద్నాలుగు మంది మీద పద్నాలుగు శాలువాలు కప్పారు, ఒక్కరూ వద్దనలేదు. త్యాగం గురించి డాక్యుమెంటరీ తీయాలంటే కెమెరా పట్టుకుని ఎక్కడికో పోనక్కర్లేదు.

సమయాభావం వల్ల దర్శకుడితో ముఖాముఖిని సినిమాకు ముందే జరిపించారు. ఈ పద్ధతిని ఊరంతా అనుసరించాలని నా కోరిక. సినిమా ఎవరూ చూసి ఉండరు కాబట్టి ఇబ్బందికరమైన ప్రశ్నలు రావు. మొదట లేచిన పెద్దమనిషి, తనది ప్రశ్న కాదని ముందే హెచ్చరించి, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిన రాత్రి తానెక్కడున్నదీ, ఏం తిన్నదీ వివరించారు. సముద్రం ఉంది కాబట్టి సందర్భం కుదిరినట్టే. రెండో ఆయన ఖర్చెంతయిందని అడిగారు. కుర్రాడు చెప్పాడు. హాలంతా జాలిపడింది.

పిల్లల చిత్రలేఖనం పోటీలో అంశం ‘మన చేపలు’. మొదటి బహుమతి డాల్ఫిన్ బొమ్మకు ఇచ్చారు. డాల్ఫిన్ చేప కాదని ఒక పాప అంది. ఆ పాపకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చి కూర్చోబెట్టారు. ఫుడ్ స్టాల్‌లో అపోలో ఫిష్, కోనాం ఇగురు. ఇగురు అయిపోయిందని తెలిసినప్పుడు హాల్లో కలిగిన చలనం, ఆ తర్వాత తెర మీద ఏది చూపించినా కలగలేదు.

ఎట్టకేలకు ఎనిమిదీ ఇరవైకి సినిమా వేశారు. తొమ్మిదికి హాలు ఖాళీ చేయాలి. వాచ్‌మన్ తాళాల గుత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. కాబట్టి 38వ నిమిషంలో ఆపేశారు.

ఇక్కడే కొందరు గొణిగారు. వాళ్లకు ఈ కళ పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. కెనడా మంచు ప్రాంతపు వేటగాడు నానూక్ మీద, 1922లో విడుదలైన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ను రాబర్ట్ ఫ్లాహర్టీ తీసినప్పుడు మంచు ఇంటి లోపల కెమెరాకు చాలినంత వెలుతురు లేకపోయింది. అందుకని ఒక పక్క గోడే లేని ఇగ్లూ కట్టించి, ఆ చలిలో మనుషుల్ని అందులో పడుకోబెట్టి తీశాడు. నానూక్ అసలు పేరు నానూక్ కాదు, సినిమాలో అతని భార్య అతని భార్య కాదు. కెమెరా కోసం ఇంటినే సగం చేసిన వంశం మనది. సభ కోసం సినిమాను కాస్త కత్తిరిస్తే తప్పేమిటి? అదీ ముప్పాతిక దాకా చూపించాక!

సినిమాలో కనిపించిన వాళ్లలో ఒక పెద్దాయన, వేటకు వెళ్లే వయసు దాటిపోయినందువల్ల, ఆ రోజు హాల్లో ఉన్నారు. వెనక వరుసలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. వందన సమర్పణ అయ్యాక యాంకరమ్మ గుర్తుపట్టి, రెండు ముక్కలు చెప్పమని మైకు ఇచ్చింది. ఆయన మైకుకు దూరంగా జరిగి, “ఆకర్ని నాను సెప్పిన మాటుండాల గదమ్మా, అదెయ్యనేదేటి?” అన్నారు.

ఆయన చెప్పిన మాట, అంటే గిట్టుబాటు ధర గురించి, తుఫానుకు పోయిన బోటు గురించి ఆయన అడిగినదంతా, ఆ మిగిలిన పద్నాలుగు నిమిషాల్లో ఉంది. కుర్రాడు తల దించుకున్నాడు.

యాంకరమ్మ మైకు వెనక్కి తీసుకుని, ఆయన తెలుగును మన తెలుగులోకి మార్చింది. “సినిమా ఆఖరిదాకా కదలకుండా చూశానని పెద్దాయన తన ఆనందాన్ని పంచుకుంటున్నారు!” చప్పట్లు మోగాయి. శాలువాలు అప్పటికే అయిపోయాయి కాబట్టి ఆయనకు ఒక మొక్క ఇచ్చారు.

సినిమాయే లేకుంటే దాన్ని ప్రదర్శన అని ఎలా అంటారని మీకు అనుమానం రావచ్చు. దానికీ దారి ఉంది. ఆ రోజు ముగ్గురు వీడియో వాళ్లు, ఒక డ్రోన్ కలిసి సభను మొదటి నుంచి చివరిదాకా తీశారు. దాన్ని 52 నిమిషాలకు కుదిస్తే సరి. డాక్యుమెంటరీ అన్న మాటను 1926లో ఒక సమీక్షలో వాడి ప్రచారంలోకి తెచ్చిన స్కాట్లాండ్ దర్శకుడు జాన్ గ్రియర్సన్, వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడమే డాక్యుమెంటరీ అన్నాడు. మన సభకు ఆ నిర్వచనం అక్షరాలా సరిపోతుంది. వచ్చే నెల ప్రదర్శన దీనితోనే. దీన్ని మధ్యలో ఆపరని హామీ ఉంది, ఎందుకంటే వందన సమర్పణ ఇందులోనే వచ్చేస్తుంది.

ఎడిటింగ్ దాదాపు పూర్తయిందట. పెద్దాయన మాట్లాడిన చోట యాస అందరికీ అర్థం కాదేమోనని సబ్‌టైటిల్స్ వేస్తున్నారు. అవి రాసే బాధ్యత యాంకరమ్మకే అప్పగించారు.