గజాలీ గణితాన్ని నిషేధించారా?

"ముస్లిం ప్రపంచం పదకొండో శతాబ్దం దాకా విజ్ఞానంలో ముందుండేది. అప్పుడు గజాలీ అనే మతపండితుడు వచ్చి లెక్కలు సైతాను పని అన్నాడు. దాంతో అక్కడ ఆలోచన ఆగిపోయింది. నేటి ముస్లిం సమాజాల వెనుకబాటుకు ఆ మతమే కారణం." అమెరికా ఖగోళ భౌతిక శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ ప్రసంగాలతో ఊపందుకున్న ఈ కథనం ఇప్పుడు తెలుగు వాట్సాప్ సందేశాల్లోనూ తిరుగుతోంది. చదువుకున్నవారు సైతం దీన్ని సరిచూడకుండా పంచుకోవడం బాధ కలిగించి ఈ ఖండన రాస్తున్నాను.

మొదట సైతాను మాట. 1058లో తూస్ పట్టణంలో పుట్టి, 1091లో బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యుడైన గజాలీ తన ఆత్మకథాత్మక గ్రంథం 'అల్ మున్‌ఖిజ్'లో గణితం గురించి వివరంగానే రాశారు. గణితం రుజువులతో నిలిచిన విద్య అనీ, మత విషయాలను అది స్థాపించదు, కాదనదు అనీ చెప్పి, ఆపై రెండు ప్రమాదాలను చూపారు. లెక్కల్లో తత్వవేత్తల కచ్చితత్వం చూసి వారు దేవుని గురించి చెప్పిందంతా నిజమని నమ్మేయడం ఒకటి. మతాన్ని కాపాడుతున్నాననుకుంటూ వారి విద్యలన్నింటినీ తోసిపుచ్చే 'అజ్ఞాని అయిన మిత్రుడు' రెండోది. చంద్రునికీ సూర్యునికీ మధ్య భూమి అడ్డు రావడం వల్లే చంద్రగ్రహణం పడుతుందన్న వివరణను మతం పేరుతో కాదనేవాడు మతానికే హాని చేస్తున్నాడని తత్వవేత్తలను ఖండించిన గ్రంథం 'తహాఫుత్' ముందుమాటలో రాసిందీ ఆయనే. మత విద్యల మీద రాసిన 'ఇహ్యా' గ్రంథంలోనైతే వైద్యాన్ని, అంకగణితాన్ని సమాజం తప్పక నిలుపుకోవలసిన విద్యలుగా పేర్కొని, అందరూ ధర్మశాస్త్రం వైపే ఎగబడుతుంటే ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేకుండా పోయాడని వాపోయారు. గణితాన్ని శపించినవారు రాసే మాటలు కావివి.

ఆయన ఖండించింది తత్వవేత్త ఇబ్న్ సీనా వంటివారి అధిభౌతిక వాదాలను. 'తహాఫుత్'లో ఇరవై ప్రశ్నలు చర్చించి, మూడింటిలో వారి అభిప్రాయం కుఫ్ర్, అంటే అవిశ్వాసం, అని తీర్పు చెప్పారు: ప్రపంచం అనాది అనడం, దేవునికి ఒక్కొక్క విషయం విడిగా తెలియదనడం, శరీరంతో పునరుత్థానం లేదనడం. ఒక వాదాన్ని వాదంతో ఓడించడం వేరు, వాదించినవాణ్ణి మతం వెలుపలికి నెట్టడం వేరు. అందుకు గజాలీని తప్పుపట్టవలసిందేనని నా అభిప్రాయం. ఆ మాటకు వస్తే, కుఫ్ర్ ముద్ర వేసే తొందర తగదని తరువాత మరో గ్రంథంలో హెచ్చరించిందీ ఆయనే.

ఇక ఆలోచన ఆగిపోయిందన్నది. గజాలీ 1111లో మరణించారు. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు ఇరాన్‌లో కమాలుద్దీన్ ఫారిసీ ఇంద్రధనుస్సు ఎలా పుడుతుందో తేల్చడానికి ఒక గాజు గోళాన్ని నీటితో నింపి, దాన్నే పెద్ద వానచుక్కగా భావించి, చీకటి గదిలో సన్నని రంధ్రం గుండా వెలుతురును దానిపై పడనిచ్చారు. కిరణం గోళంలోకి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు మరోసారి వంగుతుందనీ, లోపల ఒకసారి పరావర్తనం చెందితే ప్రధాన ధనుస్సు, రెండుసార్లు చెందితే దానిపైన కనిపించే రెండో ధనుస్సు ఏర్పడతాయనీ రాశారు. ఆ గ్రంథం అరబీ మూలం మన హైదరాబాద్‌లోనే, 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ సంస్థ ద్వారా, 1928-30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చయింది. గజాలీతో అంతా ముగిసిందని హైదరాబాద్‌లో కూర్చుని సందేశాలు పంపేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఫారిసీ ఒంటరి మినహాయింపు కాదు. గుండె నుంచి రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి వస్తుందని చెప్పిన ఇబ్న్ అల్ నఫీస్ 1288లో మరణించారు. ఇరాన్‌లో 1259లో మొదలైన మరాగా వేధశాల, 1424లో π (పై) విలువను పదహారు దశాంశ స్థానాల దాకా లెక్కించిన అల్ కాషీ, అందరూ గజాలీ తరువాతివారే.

మసీదు ఖగోళశాస్త్రాన్ని చంపిందనేవారికి డమాస్కస్ ఉమయ్యద్ మసీదును గుర్తుచేయాలి. ఆ మసీదులో నమాజు వేళలు నిర్ణయించే ఉద్యోగి ఇబ్న్ అల్ షాతిర్, 1375లో మరణించారు. చంద్రుని చలనానికి ఆయన కట్టిన నమూనా, 1543లో కోపర్నికస్ అచ్చువేసిన నమూనా గణితపరంగా ఒకటే. రాజు ఖజానా మీదే ఆధారపడ్డ వేధశాలలకు మాత్రం ఆ స్థిరత్వం దొరకలేదు. సమర్‌ఖండ్‌లో వేధశాల కట్టించిన పాలకుడు ఉలుగ్ బేగ్‌ను 1449లో కన్నకొడుకే చంపించాడు. ఆ వేధశాల పని ఆయనతోనే ముగిసింది. ఇస్తాంబుల్‌లో 1577లో కట్టినదాన్ని 1580లో సుల్తానే కూల్చివేయించాడు. అందులో మతపెద్దల ప్రమేయం ఉందన్నదీ దాచవలసిన విషయం కాదు. కాబట్టి క్షీణత నిజమే. అయితే దానికి కారణాలను పాలకుల మారే మనసుల్లో, సొంత కాళ్లపై నిలవలేని సంస్థల్లో, యుద్ధాల్లో, ఆపై వలస పాలనలో వెతకాలి తప్ప, ఒక పుస్తకంలో లేని వాక్యంలో కాదు.

చివరిది నేటి స్థితి. గజాలీ నుంచి నేడు నిజంగా ప్రశ్నించవలసింది ఆయన లెక్కల మీద అనని మాటను కాదు, ఆయన వేసిన కుఫ్ర్ ముద్రను. ఆయన పుస్తకంలో రాసిన తీర్పును ఆధునిక రాజ్యాలు చట్టంగా మార్చాయి. ఈజిప్టులో ఖురాన్ అధ్యయనంలో కొత్త పద్ధతులను ప్రతిపాదించిన నస్ర్ అబూ జైద్‌ను 1995లో న్యాయస్థానం మతభ్రష్టుడని తేల్చి, ఆయన వివాహాన్నే రద్దు చేసింది. భార్యాభర్తలు దేశం విడిచి నెదర్లాండ్స్ చేరారు. పాకిస్తాన్ పార్లమెంటు 1974లో తాము ముస్లింలమనే చెప్పుకునే అహ్మదీ శాఖవారిని ముస్లిమేతరులుగా ప్రకటించింది. దేశాధ్యక్షుని శాస్త్ర సలహాదారుగా ఉన్న అహ్మదీ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ అందుకు నిరసనగా పదవి వదులుకున్నారు. 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 1996లో మరణించాక ఆయన్ను స్వదేశంలోని రబ్వాలో ఖననం చేశారు. నోబెల్ పొందిన తొలి ముస్లిం అని ఆయన సమాధి రాతిపై చెక్కితే, అధికారులు అందులో 'ముస్లిం' అన్న ఒక్క మాటను చెరిపివేయించారు.