టీడీఎస్ మీటరు గారికి బహిరంగ లేఖ

నీళ్లలో ఎన్ని లవణాలు కరిగాయో అంకెలో చెప్పే మహారాజశ్రీ టీడీఎస్ మీటరు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మా కుళాయి నీళ్లలో తమరు 310 చూపించిన నాటి నుంచీ, ఇంతకాలం ఎలా బతికామా అని మా అత్తయ్య ఆశ్చర్యపోతూనే ఉన్నారు.

గుర్తుందా? టై కట్టిన ఓ కుర్రాడి జేబులో పెన్నులా కూర్చుని వచ్చారు. గ్లాసులో మూతి ముంచి మూడంకెలు చూపించగానే, ఎవరో పోయినట్టు ముఖం పెట్టాడతను. తర్వాత మీ అన్నగారిని బయటికి తీశాడు: ఊచలు వేలాడే కరెంటు పెట్టె. ఒక గ్లాసులో మా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు. ప్లగ్గు పెట్టిన రెండు నిమిషాలకు మావి మురిక్కాలవ, వాళ్లవి తేట. "చూడండి ఆంటీ, ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదే!" అత్తయ్య కొంగుతో నోరు మూసుకున్నారు. సాయంత్రానికల్లా గోడకు ఆర్వో, బ్యాంకుకు వాయిదా.

కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు, ఆ ఆర్వో నీళ్లలోనే చిటికెడు ఉప్పేసి ప్లగ్గు పెట్టమన్నాను. అవీ బురదే అయ్యాయి. ఉప్పుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుప ఊచ కరిగి తుప్పై తేలుతుంది. అత్తయ్య హడలిపోయింది వాళ్ల ఊచ తుప్పు చూసి!

తమరిదీ ఆ వంశమే. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, దాన్నో లెక్కతో హెచ్చవేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలంటారు. అంతవరకు మీ నిజాయితీని శంకించను. ఏ లవణమయ్యా అంటేనే తెల్లమొహం. కాల్షియమైనా నైట్రేటైనా మీకొకటే.

మాది నల్లగొండ వైపు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ అంకెకు మాత్రం 500 దాకా ఢోకా లేదు, గతిలేనప్పుడు 2000. అంటే మీరు 400 చూపించే నీళ్లలో ఫ్లోరైడ్ 4 ఉన్నా, మీకు అవి మంచినీళ్లే. తాగినవాడికి గారపళ్లొచ్చి నడుం వంగిపోయినా మీ అంకె మారదు. ఈ జబ్బును నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే డాక్టరు బృందం 1937లోనే బయటపెట్టింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు మా నల్లగొండ పేరే పెట్టారు (మా జిల్లాకు దక్కిన సన్మానాల్లో అదొకటి). హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లయితే పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో అచ్చు వేశారు. మా నాయనమ్మ పులుసు ఏ అంకే చూపించకుండానే మీకంటే ఎక్కువ పని చేసిందన్నమాట.

ఇక క్రిములంటారా, అవి మీ శాఖే కాదు. వాననీళ్ల గోలెంలో ఎలుక చచ్చి తేలినా తమరు రెండంకెలు చూపించి చిరునవ్వు నవ్వుతారు. ఆ పనికి 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధనశాలకు చెందిన మంజా బృందం ఓ చిన్న సీసా పరీక్షను ముందుకు తెచ్చింది. లోపల మందు పట్టించిన కాగితం ముక్క. నీళ్లు పోసి ఓ రోజు వెచ్చగా ఉంచితే, మలంతో వచ్చే బాక్టీరియా ఉన్నప్పుడు నల్లబడుతుంది. ప్లగ్గు లేదు, టై లేదు. అమ్ముకోవడానికి ఆర్వో కూడా లేదు కాబట్టి కాబోలు, దాన్ని పట్టుకుని ఏ కుర్రాడూ మా గుమ్మం ఎక్కలేదు.

మొన్న ఆర్వో పాడైతే వీధి చివరి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెప్పించాం. తమరు ముంచారు: 38. అత్తయ్య మిమ్మల్ని కళ్లకద్దుకున్నారు. నేను ఆ నీళ్లే కాసిని ఆ పరీక్ష సీసాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టాను. మర్నాటికి కాటుకలా ఉంది. మిమ్మల్ని మళ్లీ క్యాను నీళ్లలో ముంచితే, అదే 38.

ఇట్లు,
కుళాయి 310ని మరగబెట్టుకుని తాగుతున్న
మీ మాజీ భక్తుడు